బీపీ యంత్రం అంకె చూపుతున్నప్పుడు వృద్ధుల నాడి చేత్తో పట్టి చూడాలా?

పలాస, ఆరోగ్య కార్యకర్త:
65 ఏళ్లు దాటినవారికి బీపీ చూసేటప్పుడు మణికట్టు పట్టుకుని నిమిషంపాటు నాడి లెక్కించాలని శిక్షణలో చెప్పారు. యంత్రమే నాడి వేగం చూపుతుండగా ఇది వృథా శ్రమ అని నా అభిప్రాయం. పూటకు నలభై మందిని చూసే చోట నిమిషం తక్కువేమీ కాదు. నాడి వేగం వంద దాటినవారిని ఆసుపత్రికి పంపితే సరిపోదా?

శ్రీకాకుళం, ఫిజీషియన్:
సరిపోదండీ. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పైగదులు వరస లేకుండా వణకడం వల్ల కొన్ని స్పందనలకు రక్తం నిండే వ్యవధి చాలక అవి మణికట్టు దాకా రానే రావు. స్టెతస్కోపు పెడితే 130 వినిపించిన మనిషికి మణికట్టు దగ్గర 90 మాత్రమే అందవచ్చు. జీడిపిక్కలు కొట్టే పని మానేసిన ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చినప్పుడు దడ లేదని, నీరసమూ మెట్లెక్కితే ఆయాసమూ మాత్రమేనని చెప్పారు. నాడి పట్టుకుంటే మూడు దెబ్బలు గబగబా, ఒక ఖాళీ, లీలగా ఒకటి, మళ్లీ రెండు. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం ముప్పు సుమారు అయిదు రెట్లు. వెతకవలసింది అంకెను కాదు, వరసను.

సోంపేట, స్టాఫ్ నర్సు:
డాక్టరు గారి మాట నిజమే కానీ, వరస బాగుంటే భయం లేదనే అర్థం అందులోంచి తీయకూడదు. ఏట్రియల్ ఫ్లట్టర్‌లో, అంటే పైగదులు వరస తప్పకుండానే అతివేగంగా కొట్టుకునే జబ్బులో, నాడి తరచు 150 దగ్గర, పడుకున్నా లేచినా, కదలకుండా నిలుస్తుంది. జ్వరంతోనో విరేచనాలతోనో పెరిగిన వేగమైతే కారణం తగ్గినకొద్దీ మెల్లగా దిగుతుంది. లోగడ గుండెపోటు వచ్చిన వృద్ధుడికి వేగంతోపాటు ఈసీజీలో గీతలు వెడల్పుగా ఉంటే, బీపీ నిలకడగా ఉన్నా సరే, అది వెంట్రిక్యులర్ టాకీకార్డియా (గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన వేగం) కాదని తేలేదాకా అదేననుకోవాలి. మా ఉద్దానం కిడ్నీ రోగులకైతే పొటాషియం కూడా వెంటనే చూడాలి.

పలాస, ఆరోగ్య కార్యకర్త:
అంకె విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ముందు అర నిమిషం పట్టి చూసి, వరస తప్పినవారికే పూర్తి నిమిషం లెక్కిస్తాను. అయితే రోగి ఆసుపత్రికి చేరేలోపు నాడి సర్దుకుని, ఈసీజీ బాగుందని ఇంటికి పంపేస్తే?

శ్రీకాకుళం, ఫిజీషియన్:
వచ్చిపోయే జబ్బును ఒక్క ఈసీజీ కాదనలేదు. అలాంటివారికి కనీసం 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించి ఉంచే చిన్న ఈసీజీ యంత్రం) పెట్టాలి. మీరు నాడి తప్పిన వేళను, అప్పటి లెక్కను చీటీ మీద రాసి పంపండి. ఆ చీటీ లేకపోతే హోల్టర్ ఆలోచనే ఎవరికీ రాదు.