వానకు తడిసిన వరిగడ్డి, పుట్టగొడుగుల సంచుల్లో పచ్చ బూజు

ప్రశ్న (బాపట్ల జిల్లా నుంచి)

అందరికీ నమస్కారం. ఈ శీతాకాలం మొదటిసారిగా వరిగడ్డితో ముత్యపు చిప్ప పుట్టగొడుగులు వేశాను. మిషన్ కోత తరువాత పొలంలోనే రెండు వానలకు తడిసిన గడ్డిని ఎండబెట్టి, రెండంగుళాల ముక్కలుగా నరికి, రాత్రంతా నానబెట్టి, కాగే నీటిలో అరగంట ఉంచి, నీళ్లు వంచేసి, ఆ సాయంత్రమే పొరలు పొరలుగా విత్తనం (గింజలపై పెంచిన పుట్టగొడుగు తెల్లటి బూజు) చల్లుతూ 20 సంచులు నింపాను. పదో రోజుకు 7 సంచుల్లో పచ్చ బూజు కనిపించింది. వాటిలో నాలుగింటి అడుగు నుంచి పులిసిన వాసన వస్తోంది. మిగిలిన 13 సంచుల్లో పుట్టగొడుగు తెల్లటి అల్లిక బాగానే పాకుతోంది. లోపం విత్తనంలో ఉందా, గడ్డిలో ఉందా? ఇంట్లో మొక్కజొన్న బెండ్లు కూడా గుట్టగా ఉన్నాయి. వాటిని కలపవచ్చునా?

సమాధానం 1 (ఏలూరు జిల్లా నుంచి)

అదే విత్తనంతో 13 సంచులు చక్కగా వస్తున్నప్పుడు విత్తనాన్ని అనుమానించనవసరం లేదండి. వానకు తడిసిన గడ్డిలో ఇతర బూజులు ముందే కాపురం పెట్టి ఉంటాయి కనుక, బంగారు రంగు పోయి నల్లబడిన గడ్డిని ఎంత ఎండబెట్టినా తీసుకోకపోవడమే మంచిది. మీ పచ్చ బూజు చాలావరకు ట్రైకోడెర్మా అనే బూజే అయి ఉంటుంది. పైర్లలో వేరుకుళ్లు రాకుండా మనం పశువుల ఎరువులో కలిపి చల్లే మందుకు అది దగ్గరి బంధువు. పొలంలో మిత్రుడు, ఈ గదిలో శత్రువు. ఆ మందు కలిపిన చేతులతో గదిలోకి వెళ్లకండి.

అరగంట అన్నారు గాని, ఆ లెక్క ఎప్పటి నుంచి మొదలుపెట్టారో చూసుకోండి. చల్లటి తడి గడ్డి వేయగానే నీటి వేడి పడిపోతుంది. అది మళ్లీ 80 డిగ్రీలకు చేరిన తరువాత గంటసేపు ఉంచాలి. కార్బెండజిమ్ (బూజు మందు), ఫార్మలిన్ (క్రిములను చంపే ఘాటు ద్రవం) కలిపిన నీటిలో నానబెట్టే పద్ధతి కూడా ఉంది గాని, ఆ ఘాటు కళ్లకు, ముక్కుకు పడదు, పైగా పంట అయ్యాక ఆ గడ్డి పశువుల దగ్గరికి పోకూడదు. అందుకే నేను వేడి నీటినే నమ్ముకున్నాను.

పులిసిన వాసనకు కారణం మిగులు నీరు. అడుగున నీరు చేరితే గాలి ఆడక గడ్డి కుళ్లుతుంది. వేడి నీటి నుంచి తీసిన గడ్డిని వాలుగా పరచిన శుభ్రమైన పట్టాపై ఆరబెట్టి, గుప్పెడు తీసుకుని గట్టిగా పిండి చూడండి: అరచేయి తడవాలి, నీరు ధారగా కారకూడదు. గడ్డి పూర్తిగా చల్లారాకే విత్తనం వేయండి. పాడైన సంచులను గదిలో విప్పకుండా బయటికి మోసుకెళ్లి, దూరంగా పూడ్చిపెట్టండి.

సమాధానం 2 (నిజామాబాద్ జిల్లా నుంచి)

బెండ్లు పనికివస్తాయి, అయితే చిన్న ముక్కలుగా నలగగొట్టి ఒక రోజంతా నానబెడితే తప్ప లోపలి భాగం తడవదు. మొదట పావు వంతు బెండ్లు, ముప్పావు వంతు గడ్డి కలిపి రెండు మూడు సంచుల్లో చూడండి. దిగుబడి పెరుగుతుందని తవుడు మాత్రం ఇప్పుడే కలపవద్దు. తవుడు వల్ల నత్రజని ఎక్కువైతే సంచి లోపల వేడెక్కి బూజుకే మేలు జరుగుతుంది. వేరుశనగ పొట్టు వాడేవారు దానికి అంటిన మట్టిని కడిగి తీరాలి.

సమాధానం 3 (గుంటూరు నుంచి)

మంచి సంచుల్లో గడ్డి అంతా తెల్లగా అల్లుకున్నాక, గదిలో గాలి ఆడేలా చూడండి. కాడలు పొడవుగా సాగి గొడుగులు చిన్నవైతే గాలి చాలలేదని అర్థం. గొడుగు అంచు పైకి ముడుచుకోకముందే కోయండి, లేకపోతే రాలే సన్నని పొడికి దగ్గు పట్టుకుంటుంది. నాకు పట్టుకుంది, అప్పటి నుంచి మూతికి గుడ్డ కట్టుకునే కోస్తున్నాను. ఎండలు ముదిరాక ఈ రకంతో కుస్తీ పట్టకుండా, 30 నుంచి 35 డిగ్రీల్లో వచ్చే పాల పుట్టగొడుగులకు మారండి. వాటికి గడ్డిపై శుద్ధి చేసిన మట్టి పొర వేయాలి.

ప్రశ్న అడిగిన రైతు

ధన్యవాదాలండి. పొరుగువారి దగ్గర వాన తగలని గడ్డి తెచ్చి, ఈసారి థర్మామీటరు పెట్టి చూస్తూ గంటసేపు ఉంచి, 12 సంచులు నింపాను. నేటికి తొమ్మిది రోజులు. పదకొండు సంచులు తెల్లగా ఉన్నాయి. పన్నెండోదాని అడుగున చిన్న పచ్చ మచ్చ వచ్చింది. అది పట్టా వాలు చివర, నీరు చేరిన చోటి గడ్డితో ఆఖరున నింపిన సంచి.