సెకండ్ హ్యాండ్ ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ బాక్స్) పెట్టాక బండి స్టార్ట్ అయ్యి రెండు సెకన్లకే ఆగిపోతోంది, ఇంకోటి కొనాలా?

తెనాలి బండి:
అందరికీ నమస్కారం. మాది 2005 మోడల్ చిన్న పెట్రోల్ కారు, మూడు సిలిండర్లది, నాన్న కొన్నది. మొన్న వానల్లో రెండుసార్లు నడిరోడ్డు మీద ఆగింది, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అయ్యింది. మూడోసారి ఇక లేవలేదు. సెల్ఫ్ బాగా తిరుగుతోంది, తాళం ఆన్ చేస్తే ఇంజిన్ బొమ్మ లైటు మాత్రం అసలు వెలగడం లేదు. మెకానిక్ చూసి ఈసీఎం పోయిందన్నాడు. కొత్తది దొరకదట, విజయవాడ ఆటోనగర్‌లో సెకండ్ హ్యాండ్‌ది 6,500కి తెచ్చి పెట్టాడు. ఇప్పుడు లైటు వెలుగుతోంది, బండి స్టార్ట్ కూడా అవుతోంది, కానీ రెండు సెకన్లు నడిచి ఠక్కున ఆగిపోతోంది. ఎన్నిసార్లు కొట్టినా అంతే. "ఇది కూడా డెడ్డే, ఇంకోటి తెద్దాం" అంటున్నాడు. నాన్నేమో బండి అమ్మేయమంటున్నారు. ఏం చేయమంటారు?

పాత వైర్‌మ్యాన్:
తమ్ముడూ, ఇంకోటి కొనకు. రెండు సెకన్లు నడిచి ఆగడం పోయిన బాక్స్ లక్షణం కాదు, నీ తాళాన్ని గుర్తుపట్టని బాక్స్ లక్షణం. తాళం తల లోపల బ్యాటరీ లేని చిన్న చిప్ ఉంటుంది, ఇగ్నిషన్ తాళం చుట్టూ ఉన్న రింగు దాని కోడ్ చదువుతుంది, ఆ కోడ్ ఈసీఎంలో దాచిన దానితో కలవకపోతే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను ఆపేస్తుంది. నువ్వు తెచ్చిన బాక్స్‌కి దాని పాత యజమాని తాళమే తెలుసు. స్టార్ట్ అయ్యిందంటే స్పార్కూ పెట్రోలూ వస్తున్నట్టేగా. ఆగేటప్పుడు మీటర్‌లో తాళం బొమ్మ లైటు ఏమైనా ఆడుతోందా చూసి చెప్పు. రెండు బాక్సుల మీదా ఉన్న నంబర్లు పక్కపక్కన పెట్టి చూడు, చివరి అంకెతో సహా కలవాలి. కప్లర్ (వైర్లు గుచ్చే ప్లగ్) సరిపోయింది కదా అని పెట్టేస్తారు చాలామంది, లోపల ప్రోగ్రాం వేరే ఉంటుంది.

డాలస్ నుంచి:
బ్రో ఇంత కష్టం ఎందుకు, ఒక బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి లోపాల కోడ్స్ చదివేది) కొని స్టీరింగ్ కింద గుచ్చితే ఫోన్‌లోనే కోడ్స్ వచ్చేస్తాయి కదా. నేను ఇక్కడ అన్నిటికీ అదే వాడతా.

పాత వైర్‌మ్యాన్:
మీ అమెరికాలో 1996 మోడల్ నుంచే ఓబీడీ టూ తప్పనిసరి కాబట్టి పాత బండ్లకీ పనిచేస్తుంది సార్. మన దగ్గర ఓబీడీ నిబంధన 2010 ఏప్రిల్‌లో మొదలైంది, రెండో దశ 2013లో. 2005 బండికి 16 పిన్నుల సాకెట్ ఉన్నా లోపల కంపెనీ సొంత భాష ఉండొచ్చు, ఆ చవక స్కానర్లకి అది అర్థం కాదు. స్కానర్ కనెక్ట్ కాలేదని ఈసీఎం పోయిందని తేల్చేసినవాళ్లని ఎంతమందిని చూశానో.

గుంటూరు గ్యారేజ్:
అన్నా సింపుల్. తాళం కోడ్ చూసే ఆ ఇమ్మొబిలైజర్ ఆఫ్ చేయించెయ్, గంటలో అయిపోతుంది, ఏ తాళమైనా పనిచేస్తుంది.

పాత వైర్‌మ్యాన్:
ఏ తాళమైనా పనిచేస్తుంది, దొంగ చేయించిన డూప్లికేట్ కూడా! ఇన్సూరెన్స్ వాళ్లు దొంగతనం క్లెయిమ్‌లో దాన్ని పట్టుకుంటే ఏం చెబుతాం? నీ బండిలో మొదట ఉన్న పాత బాక్స్‌లో, తాళం కోడ్ దాచిన మెమరీ బతికుంటే ఆ అవసరమే లేదు.

తెనాలి బండి:
నంబర్లు చూశా, అక్షరంతో సహా ఒకటే. తాళం లైటు టకటకా కొట్టుకుంటోంది. మీరు చెప్పిందే అనుకుంటా. మరి బండిలో మొదట ఉన్న పాతది నిజంగా పోయినట్టేనా, లేక ఫ్యూజో రిలేనో అయ్యుండొచ్చా? పాతది బాగుంటే అదే పెట్టేస్తా.

పాత వైర్‌మ్యాన్:
ఈ ప్రశ్న బాక్స్ కొనకముందు అడగాల్సింది, కానీ నీ అదృష్టం, జవాబు నీ దగ్గరే ఉంది. అవే వైర్లు, అవే ఫ్యూజులు, అదే రిలే, అవే సెన్సర్లు ఉండగా రెండో బాక్స్ పెడితే లైటు వెలిగిందంటే కరెంటూ ఎర్తూ వస్తున్నట్టే, పాతదే పోయినట్టు. అయినా పాతది ఒకసారి మళ్లీ తగిలించి చూడు, కప్లర్ లూజై ఉంటే తీసి పెట్టగానే లేచి కూర్చుంటుంది. తీసే ముందు బ్యాటరీ మైనస్ తీసి పది నిమిషాలు ఆగు, తాళం ఆన్‌లో ఉండగా కప్లర్ ముట్టుకోకు.

ఇంకో బాక్స్ చేతిలో లేనివాళ్లకి: ముందు ఈసీఎంకి వచ్చే ప్లస్ వైర్లకి 21 వాట్ల బల్బు పెట్టి చూడండి. మల్టీమీటర్‌ని నమ్మకండి, వైర్‌లో ఒక్క పోగు మిగిలినా అది 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు మాత్రం మిణుకుమంటుంది. సెన్సర్ వైర్లకి మాత్రం బల్బు పెట్టొద్దు, ఉన్న బాక్స్ కూడా పోతుంది. ఎర్త్‌కి మల్టీమీటర్ చాలు, ఒక కొన ఈసీఎం ఎర్త్ పిన్ మీద, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టండి, 0.1 వోల్టు దాటితే ఎర్త్ బాగాలేదు. తర్వాత సెన్సర్లకి వెళ్లే 5 వోల్టులు. అవి లేకపోతే వెంటనే బాక్స్‌ని తిట్టకుండా సెన్సర్లు ఒక్కొక్కటి ఊడదీయండి, ఏదో ఒకటి తీయగానే 5 వోల్టులు తిరిగొస్తే షార్ట్ ఆ సెన్సర్‌లోనే. ఈ ఒక్క పరీక్ష చేయక మంచి బాక్సులు ఎన్ని మూలన పడ్డాయో.

తెనాలి బండి:
పాతది మళ్లీ పెట్టా, లైటు రాలేదు. మూత తీసి చూశా. ఒక మూల పచ్చగా చిలుం పట్టింది, రెండు కాళ్లు (పిన్నులు) తినేసినట్టున్నాయి. గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది ఇది, కింద మ్యాట్ కూడా ఎప్పుడూ తడిగానే ఉంటోంది, ఏసీ నీళ్లనుకున్నాం.

పాత వైర్‌మ్యాన్:
అదీ అసలు రోగం. ఆ నీళ్లు ఎక్కడివో తేలకుండా ఏ బాక్స్ పెట్టినా వచ్చే వానాకాలానికి మళ్లీ ఇక్కడికే వస్తావు. వాన లేని రోజు ఏసీ వేసినా తడిస్తే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టు. వానకో, కడిగితేనో మాత్రమే తడిస్తే మొదట అనుమానించాల్సింది బండి ముందు అద్దాన్ని. ఈసీఎం తీసి ఇంట్లో పెట్టి, ఒకరు లోపల టార్చితో కూర్చుని, ఇంకొకరు బయట మగ్గుతో నీళ్లు మెల్లగా కింది నుంచి పైకి పోస్తూ రండి, పైనుంచి మొదలుపెడితే ఎక్కడ కారిందో తెలియదు.

ఇంకోటి, మూడు ఇంజెక్టర్ల కప్లర్లు తీసి మల్టీమీటర్‌తో ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడు. ఈ రకానివి మామూలుగా 12 నుంచి 16 మధ్య ఉంటాయి, మూడూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి 2, 3 చూపిస్తే అది షార్ట్, కొత్త బాక్స్‌ని కూడా కాలుస్తుంది. ఇంజిన్ నడిచాక బ్యాటరీ దగ్గర వోల్టేజీ 14.5 దాటకూడదు.

తర్వాత రెండు బాక్సులూ, రెండు తాళాలూ, ఆర్సీ కాపీ తీసుకుని బోర్డు రిపేరు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లు. పాతదాని మెమరీ చదివి రెండోదానిలో రాయమను. కొన్నిటిలో అది ఎనిమిది కాళ్ల చిన్న చిప్, కొన్నిటిలో ప్రాసెసర్ లోపలే ఉంటుంది, దానికి వేరే పరికరం కావాలి. రాసే ముందు రెండోదాని అసలు డేటా కూడా కాపీ తీసుకోమను, అడగకపోతే చాలామంది తీయరు.

గుంటూరు గ్యారేజ్:
ఆ చిలుం కడిగి కాళ్లు టంకం వేస్తే పాతదే లేవొచ్చుగా?

పాత వైర్‌మ్యాన్:
లేవొచ్చు, నేనూ లేపాను కొన్ని. కానీ నీళ్లు తాగిన బోర్డు పొరల మధ్య ఎక్కడ తిన్నదో పైకి కనిపించదు. స్పేర్ లేకపోతే అదే దారి. ఇక్కడ మంచి బాక్స్ చేతిలో ఉందిగా.

తెనాలి బండి:
ఐదు రోజులైంది, అప్‌డేట్. ఇంజెక్టర్లు 13.1, 13.4, 13.2. నీళ్లు అద్దం ఎడమ పై మూల నుంచి. రెండేళ్ల కిందట అద్దం మార్పించాం, అక్కడ గమ్ సరిగ్గా పట్టలేదు, తీసి మళ్లీ అతికించారు, 1,800. విజయవాడలో డేటా మార్చినందుకు 2,500 తీసుకున్నాడు. చిన్న చిప్‌లోనే ఉందట, అది బాగానే ఉంది. ఇంటికొచ్చి పెట్టి తాళం తిప్పితే మొదటి దెబ్బకే స్టార్ట్! నాన్న ముఖం చూడాల్సింది. కాకపోతే ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడవడం) ఎగిరెగిరి పడుతోంది, సిగ్నల్ దగ్గర ఒకసారి ఆగిపోయింది కూడా. మళ్లీ టెన్షన్ మొదలైంది.

పాత వైర్‌మ్యాన్:
కంగారు పడకు. ఆ బాక్స్ నీ ఇంజిన్ ఐడ్లింగ్‌ని ఇంకా నేర్చుకోలేదు. ఏసీ, లైట్లు అన్నీ ఆపి, ఇంజిన్ ఫ్యాన్ ఒకసారి తిరిగేదాకా యాక్సిలరేటర్ ముట్టకుండా ఐడ్లింగ్‌లో వదిలెయ్, తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. రెండు రోజులు మామూలుగా తిప్పు. అప్పటికీ తగ్గకపోతే ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ మసి పట్టి ఉంటుంది, శుభ్రం చేయించు. రెండో తాళం కూడా చూశావా?

తెనాలి బండి:
చూశా అన్నా, రెండూ పనిచేస్తున్నాయి. థ్రాటిల్ కడిగించా, ఇప్పుడు ఐడ్లింగ్ గడియారంలా ఉంది. మెకానిక్ పాత బాక్స్ నాకిచ్చెయ్, 500 ఇస్తానంటున్నాడు, ఇవ్వనా?

పాత వైర్‌మ్యాన్:
ఇవ్వకు. నీ తాళం కోడ్ అందులో ఇంకా ఉంది. గుడ్డలో చుట్టి బీరువా మీద పడెయ్, బండి అమ్మే రోజు దాంతోపాటు ఇచ్చెయ్.