కుళాయి నీళ్లలో కాస్త లిథియం కలిపితే తప్పేంటి?

చుక్కాని:
నమస్తే. చాలా రోజులుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న, సూటిగానే అడుగుతున్నా. మానసిక జబ్బుకి మందుగా కూడా వాడే లిథియం రాళ్లలో, నేలలో ఉంటుంది, తాగే నీళ్లలోకి కొద్దికొద్దిగా దిగుతుంది. కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల దాదాపు సున్నా. ఎక్కువ ఉన్నచోట ఆత్మహత్యలు తక్కువని బోలెడు అధ్యయనాలు చెప్తున్నాయి. టెక్సాస్‌లో 27 కౌంటీల పదేళ్ల లెక్కలు తీసి 1990లో వేశారు. జపాన్‌లోని ఒయిటాలో 18 మునిసిపాలిటీల లెక్క 2009లో వచ్చింది. ఆస్ట్రియాలో 99 జిల్లాలు, 2011. ఇలాంటివి 15 కలిపి చూసిన 2020 సమీక్షదీ అదే మాట. మరి తక్కువ ఉన్న ఊళ్ల నీళ్లని ఎక్కువ ఉన్న ఊళ్ల స్థాయికి తెస్తే నష్టమేంటి? పళ్ల కోసం నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌లో 1945లోనే మొదలెట్టారు కదా. పళ్లకున్న విలువ ప్రాణానికి లేదా?

గాలివాటం:
ముందు కుళాయిలో నీళ్లు రానివ్వండి సార్. లిథియం సంగతి తర్వాత చూద్దాం.

కొలతబద్ద:
ఎవరైనా ఆవేశపడే ముందు యూనిట్లు సరిచూసుకుందాం. ఒయిటా నీళ్లలో ఉన్నది లీటరుకి 0.7 నుంచి 59 మైక్రోగ్రాములు. మైక్రో అండీ, మిల్లీ కాదు. బైపోలార్ అనే మానసిక జబ్బుకి రాసే లిథియం కార్బొనేట్ రోజుకి 900 మిల్లీగ్రాములు అనుకుందాం. అందులో అసలు లిథియం సుమారు 169 మిల్లీగ్రాములు. ఒయిటాలో అన్నిటికన్నా ఎక్కువ లిథియం ఉన్న నీళ్లు తాగి అంత ఒంట్లోకి ఎక్కించాలంటే రోజుకి దాదాపు 2,860 లీటర్లు కావాలి. రెండు లీటర్లు తాగే మనిషికి అందేది మందులో 1,400వ వంతు. అంత పిసరు మెదడులో ఏం చేస్తుందో ముందు చెప్పండి.

గాలివాటం:
మనిషికో ట్యాంకర్ అన్నమాట.

నిద్రగన్నేరు:
నేను పదకొండేళ్లుగా లిథియం వేసుకుంటున్నాను. కాబట్టి ఈ "కాస్త కలిపితే" అనే మాట నాకు వినబడే తీరు వేరు. ఆ మాత్ర నన్ను నిలబెట్టింది, కాదనను. దాంతోపాటే నాలుగో ఏడు నుంచి థైరాయిడ్ మాత్ర కూడా మొదలైంది. సంతకం చేసేటప్పుడు చెయ్యి వణుకుతుంది, బ్యాంకులో రెండుసార్లు సంతకం కలవలేదన్నారు. మూడు నెలలకోసారి రక్తపరీక్ష. ఒకసారి జ్వరం, వాంతులతో ఒక ఆసుపత్రికి పోతే, నేను ఏం మందులు వాడుతున్నానో అడక్కుండానే ఐబూప్రొఫెన్ రాశారు. ఒంట్లో నీరు తగ్గినా, ఆ రకం నొప్పి మాత్రలు పడినా లిథియం బయటికి పోకుండా రక్తంలో పేరుకుంటుంది. మూడో రోజుకి నాకు మాట ముద్దముద్దగా వస్తోంది, నడిస్తే గోడ పట్టుకోవాలి. పరీక్షలు చేయించుకునే నా గతే ఇది. నీళ్లలో కలిపితే కిడ్నీలు పాడైనవాళ్లూ తాగుతారు, కడుపుతో ఉన్నవాళ్లూ తాగుతారు. వాళ్లందరి రక్తం ఎవరు చూస్తారు?

చుక్కాని:
మీరు పడింది చిన్న విషయం కాదు, గౌరవిస్తాను. కానీ పైన కొలతబద్ద గారు చెప్పింది మీకూ వర్తిస్తుంది. మీరు వేసుకునేదానిలో 1,400వ వంతు గురించి మాట్లాడుతుంటే మీరు పూర్తి మోతాదు దుష్ఫలితాలు చెప్తున్నారు. ఆ ఒయిటా వాళ్లు తరతరాలుగా ఆ నీళ్లే తాగుతున్నారు కదా.

కొలతబద్ద:
నన్ను మీ పక్షాన నిలబెట్టకండి. హాని చెయ్యలేనంత చిన్నదైతే మేలూ చెయ్యలేనంత చిన్నదే కావచ్చు. ఒకవైపే కోసే కత్తి కాదది. పైగా మీకు నచ్చినవే ఏరారు. ఇంగ్లండ్ తూర్పు ప్రాంతంలో 2011లో చూస్తే సంబంధమేమీ కనబడలేదు. డెన్మార్క్‌లో 37 లక్షల మంది పెద్దవాళ్ల రికార్డులు చూసి 2017లో వేసినదాంట్లోనూ లేదు. జిల్లాల సగటు చూసి మనిషి గురించి చెప్పడం మొదటి తప్పు. నీళ్లలో లిథియం ఎక్కువున్న జిల్లా ఆదాయంలో, వయసులో, ఇంకా సవాలక్ష సంగతుల్లో పక్క జిల్లాలా ఉండదు.

పిల్లకాలువ:
2023లో డెన్మార్క్‌దే ఇంకొకటి వచ్చింది. తల్లి గర్భంతో ఉన్నప్పుడు తాగిన నీళ్లలో లిథియం ఎక్కువైతే బిడ్డకి ఆటిజం అవకాశం ఎక్కువట. నాలుగు వర్గాలు చేస్తే, అట్టడుగు వర్గంతో పోలిస్తే పై వర్గంలో ఆ అవకాశం 46 శాతం ఎక్కువ. మూడో నెల నడుస్తోంది నాకు. నా నీళ్లలో ఎవరూ ఏమీ కలపక్కర్లేదు.

చుక్కాని:
చూశారా! అది కూడా ఉత్త సంబంధమే, కారణమని ఎవరూ తేల్చలేదు. భయపెట్టేదైతే సైన్సు, ఆశ పెట్టేదైతే కాకతాళీయమా?

కొలతబద్ద:
ఈ ఒక్క మాట ఒప్పుకుంటా. రెంటికీ ఒకే తూకం ఉండాలి. కాకపోతే అందులో జిల్లా సగటు కాదు, ఒక్కో తల్లి ఎక్కడుందో చూసి లెక్కగట్టారు. పిల్లకాలువ గారూ, మీరు దీని గురించి నిద్ర పాడుచేసుకోకండి.

గాలివాటం:
సెవెనప్‌లో కూడా 1948 దాకా లిథియం ఉండేదట. అప్పటి జనమంతా ప్రశాంతంగా ఉన్నారేమో పోయి అడగండి.

రాతిమడుగు:
ఎవరో కలపాలని కూర్చున్నారు గానీ, అది ఎలాగూ వస్తోంది. హాన్ నది సియోల్ నగరం దాటేలోపు నీళ్లలో లిథియం 600 శాతం దాకా పెరుగుతోందని 2019లో తేల్చారు. బ్యాటరీలు, మందులు అన్నీ మురుగులోంచే కదా పోయేది. మురుగు శుద్ధి కేంద్రాల్లో అది పోదు. అమెరికాలో తాగునీటి లిథియానికి దేశమంతటికీ వర్తించే పరిమితే లేదు, 2023 నుంచి కొలవడమైతే మొదలెట్టారు. దీని మీద మాట్లాడండి ముందు.

చుక్కాని:
అది వేరే దారం, అక్కడ పెట్టుకోండి.

కొలతబద్ద:
నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. పూర్తి మోతాదు సంగతే చూడండి. అమెరికాలో 519 మంది మాజీ సైనికుల మీద ట్రయల్ చేశారు, అందరూ ఆత్మహత్య అంచుదాకా వెళ్లొచ్చినవాళ్లే. సగం మందికి మామూలు వైద్యంతోపాటు లిథియం, మిగతావాళ్లకి మందు లేని ఉత్త మాత్ర. తేడా తేలేలా లేదని మధ్యలోనే ఆపేశారు. పూర్తి మోతాదే అక్కడ చెయ్యలేనిది 1,400వ వంతు చేస్తుందా?

చుక్కాని:
2013లో 48 ట్రయల్స్ కలిపి చూస్తే లిథియం వాడినవాళ్లలో ఆత్మహత్యలు తక్కువని వచ్చింది. అది మాత్రం మీ కంట పడదు. మీకు 1,400 తప్ప ఇంకేం కనబడదు.

కొలతబద్ద:
ఖచ్చితంగా చెప్పాలంటే 1,432.

నిద్రగన్నేరు:
లెక్కలు పక్కన పెట్టండి. రేపు అది పనిచేస్తుందనే తేలిందనుకుందాం. అప్పుడు కూడా నాకు అభ్యంతరమే. ఫ్లోరైడ్ పంటి మీద పనిచేస్తుంది. ఇది మనసు మీద. నా మనసు మీద పనిచేసే మందుకి నన్ను అడగాలి. అంతే.

చుక్కాని:
మీకేం, చెప్తారు. మందు దొరికింది, డాక్టరు దొరికాడు, మూడు నెలలకోసారి పరీక్షలు. ఒడ్డెక్కినవాళ్లకి అడగడం, ఒప్పుకోవడం లాంటి కబుర్లు ఎన్నైనా వస్తాయి. మునిగిపోయేవాడి దగ్గర సంతకం తీసుకుని తాడు వెయ్యమంటావా నువ్వు?

నిద్రగన్నేరు:
"నువ్వు" ఏంటి? నేను ఒడ్డెక్కానని నీకెవరు చెప్పారు?

నిర్వాహకుడు:
ఇద్దరూ ఏకవచనాలు ఆపండి. ఇంకోసారైతే దారం మూసేస్తాను.

చుక్కాని:
నాదే తప్పు, క్షమించండి.
మా తమ్ముడు. 26 ఏళ్లు. డాక్టరు దగ్గరికి పోదాం రా అంటే "నాకేమన్నా పిచ్చా" అనేవాడు. నేనే వెళ్లి వాడి పరిస్థితి చెప్పి మందులు తెచ్చాను. వాడు పోయాక చూస్తే సొరుగులో చీటీతో సహా అలాగే ఉన్నాయి, ఒక్కటి కూడా చింపలేదు. మందు ముట్టలేదు గానీ నీళ్లు అందరిలాగే తాగేవాడు కదా. ఆ మాటే నా బుర్రలో తిరుగుతోంది. మిగతా పేపర్లన్నీ నేను చదవడం మొదలెట్టింది ఆ తర్వాతే.

గాలివాటం:
సారీ అన్నా. ఇందాకటి జోకులు తీసేస్తున్నా.

చుక్కాని:
ఉండనీ తమ్ముడూ, పర్లేదు.

నిద్రగన్నేరు:
ఇది ముందే చెప్పుంటే నేను అంత గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. అయినా నా మాట మారదు. ఎందుకో చెప్తాను, ఇక్కడ ఎప్పుడూ చెప్పలేదు.
మొదట్లో నేనూ మీ తమ్ముడిలాగే. మాత్రలు వద్దన్నాను. మా అమ్మ నాకు తెలియకుండా పొడి చేసి తినేదాంట్లో కలిపేది. ఒకరోజు రోలు కడగడం మరిచిపోయింది. అప్పటికే జనం నా గురించి ఏదో చేస్తున్నారని అనుమానాలతో ఉన్నదాన్ని, అది నిజమని చేతికి దొరికింది. ఆ తర్వాత రెండేళ్లు ఇంట్లో ఎవరు వండింది తినలేదు. సీలు వేసిన సీసా నీళ్లే తాగాను. డాక్టరు గుమ్మం తొక్కలేదు. నాలాంటి వాళ్లు ఊరికొకరైనా ఉంటారు. కుళాయిలో కలుపుతున్నారని తెలిస్తే వాళ్లు ఎక్కడికి పోవాలి? మా ఇంట్లో అయితే అమ్మ ఒక్కతే.

కొలతబద్ద:
దీనికి నా దగ్గర లెక్క లేదు.

చుక్కాని:
మీరు ఏమన్నా అనుకోండి. మీ అమ్మగారు చేసిందే రైటంటాను. మీరు ఇవాళ నాతో పోట్లాడుతున్నారు. వాడు పోట్లాడట్లేదు.

నిద్రగన్నేరు:
మా అమ్మ కూడా ఇప్పటికీ అదే అంటుంది. ఆ విషయం మీద మేం పదేళ్లుగా మాట్లాడుకోం.

పిల్లకాలువ:
ఇద్దరికీ ఏం చెప్పాలో తెలియట్లేదు.

వేసవిసెలవు:
హలో, అంతా చదవలేదు, పెద్ద దారం. ఇంతకీ నీళ్లు మరగబెడితే లిథియం పోతుందా?

కొలతబద్ద:
పోదు. నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. ఆర్‌ఓ పెడితే చాలావరకు పోతుంది.