అమరోనే: అన్నంలోకా, అన్నం అయ్యాకా?

బాటసారి: ఆఫీసు పని మీద ఆరు నెలలుగా ఇటలీలోని వెరోనాలో ఉంటున్నా. మొన్న ఆదివారం ఇక్కడి కొలీగ్ ఇంట్లో భోజనం. వాళ్లమ్మ రిసోట్టో (ఇటలీ వాళ్లు జారుగా వండే అన్నం) చేస్తూ అందులో అమరోనే రెండు గ్లాసులు పోసింది. ఇది ఈ ఊరి పక్కన వల్పోలిచెల్లా కొండల్లో చేసే చిక్కటి రెడ్ వైన్. అన్నం వంకాయ రంగుకి తిరిగింది. తాతగారికి కోపం వచ్చింది. ఇంత ఖరీదైన వైన్ గిన్నెలో పోస్తారా, భోజనం అయ్యాక చీజ్ ముక్కతో చప్పరించేది కదా అని. మిగిలిన సీసా భోజనంలోనే ఖాళీ చేశాం, ఆయన ముట్టలేదు. ఎవరిది న్యాయం?

ద్రాక్షపందిరి: తాతగారిదే. కొర్వీనా, రొందినెల్లా లాంటి ద్రాక్షని కోసి, ఎండలో కాదు, గాలాడే గదుల్లో మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. బరువులో మూడో వంతు దాకా నీరుగా పోతుంది. మిగిలిన గుజ్జులోని చక్కెర దాదాపు మొత్తం ఆల్కహాలుగా మారుతుంది. 14 శాతానికి తగ్గకూడదని రూలు, చాలా సీసాల మీద 15, 16 కనిపిస్తుంది. అంత బరువైన వైన్ ముందు ఏ కూర నిలబడుతుంది? పైగా దీని పుట్టుకే రెచ్చోతో అనే తీపి వైన్ నుంచి. ముదిరిన మోంతే వెరోనేసే చీజ్ పక్కన పెట్టుకుని ఒక్క గ్లాసు, చాలు.

మసాలాడబ్బా: పందిరి గారూ, మీ మాటతోనే మిమ్మల్ని పట్టుకుంటా. ఆ తీపి పోయింది కాబట్టే దీనికి ‘అమారో’, అంటే చేదు, అనే మాట నుంచి పేరొచ్చింది. చేదుగా ఉన్నదాన్ని మిఠాయి వేళకి దాచుకోవడం ఏంటి? ఇక ఏ కూర నిలబడుతుందంటారా, వెరోనా వాళ్ల పాస్తిస్సాద నిలబడుతుంది. గుర్రం మాంసం (అవును, గుర్రమే) వైన్‌లో ఉల్లిపాయ, లవంగాలు వేసి గంటల తరబడి ఉడికిస్తారు. వైన్‌లోని వగరు మాంసం కొవ్వుకి తగిలితే మెత్తబడుతుంది. ఒట్టిగా తాగితే ఆ వగరు నాలుక మీదే కూర్చుంటుంది.

గోంగూరకట్ట: నేనొక తప్పు చేశా, చెప్తా. హైదరాబాద్‌లో ఫ్రెండ్ తెచ్చిన సీసాని గోంగూర మటన్‌తో తెరిచాం. నోరు భగ్గుమంది. పులుపుకి వైన్ పల్చగా అనిపించింది, కారం మాత్రం రెట్టింపైంది. ఆ సీసా రేటు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

మసాలాడబ్బా: అది వైన్ తప్పు కాదమ్మా. ఆల్కహాలు ఎక్కువైతే మిరప మంట పెరుగుతుంది. కారం తగ్గించి, మిరియాలతో నెమ్మదిగా ఉడికిన మటన్ అయితే నడిచేది. పులుపు మాత్రం వద్దు.

ద్రాక్షపందిరి: పాస్తిస్సాద వరకు ఒప్పుకుంటున్నా. రిసోట్టో విషయంలో మాత్రం తగ్గను. మరిగే గిన్నెలో పోస్తే ఆ ఆరిన ద్రాక్ష వాసన సగం ఆవిరైపోతుంది. గిన్నెలోకి ఆ కొండల్లోనే చేసే మామూలు వల్పోలిచెల్లా వైన్ పోసి, గ్లాసులోకి అమరోనే పోస్తే సరిపోయేది.

బాటసారి: ఈ మాట వాళ్లమ్మకి చెప్పా. నవ్వేసి, ఈ ఊరి వియలోనే నానో బియ్యం వైన్‌ని బాగా పీలుస్తుందని, మామూలు వైన్ పోస్తే పుల్లగా వస్తుందని, తను రెండూ చేసి చూశానని అంది. తాతగారు పక్క గదిలోంచి ఏదో అన్నారు. వెరోనా యాస, నాకు అర్థం కాలేదు. కానీ వచ్చే ఆదివారం పాస్తిస్సాద అట, ఆ రోజు సీసా ఆయనే తెరుస్తారట.