ఈనక ముందే పాలు కారుతున్న గుర్రం: జున్నుపాలు ఎలా కాపాడుకోవాలి?

పంచకళ్యాణి:
తొలిచూలు గుర్రం. దాటించి ఈరోజుకు 331 రోజులు. మొన్న చనుమొనల మీద మైనం బొట్లు (ఎండిన జున్నుపాల బొట్లు) కనబడ్డాయి. నిన్న సాయంత్రం నుంచి రెండు పక్కలా పాలు చుక్కలుగా కారుతున్నాయి, వెనక కాళ్ల లోపలివైపు తెల్లటి చారలు ఎండి అట్టకట్టాయి. మేత బాగానే తింటోంది, జ్వరం లేదు, మానం నుంచి స్రావం లేదు, నొప్పులూ లేవు. కారే పాలు పట్టి దాచాలా, లేక పిండితే నష్టమా? పిల్ల పుట్టేసరికి జున్నుపాలు మిగలకపోతే ఎంత పట్టాలి, ఎన్ని గంటల్లోగా? డాక్టరు గారు రావడానికి గంటన్నర పడుతుంది, అందుకే అన్నీ ముందే సర్దిపెట్టుకుందామని అడుగుతున్నాను.

నల్లగిట్ట:
331 రోజులంటే నెలలు నిండినట్టే లెక్క. సగటు 340, 320 నుంచి 365 దాకా మామూలే. మైనం కట్టాక ఒకటి రెండు రోజుల్లో ఈనేవే ఎక్కువ, కాబట్టి ఈ రాత్రి నుంచే కాపలా పెట్టండి. ఎక్కువ గుర్రాలు రాత్రిపూటే ఈనుతాయి.

మీరు పాల గురించి కంగారు పడటం సబబే. గుర్రాల్లో, పిల్ల కడుపులో ఉండగా తల్లి రక్తంలోని యాంటీబాడీలు (రోగాలతో పోరాడే పదార్థాలు) మాయ దాటి పిల్లకు చేరవు. అవన్నీ జున్నుపాలలోనే అందాలి. పొదుగు ఆ పాలను ఒక్కసారే తయారుచేస్తుంది, కారిపోయాక వచ్చేవి ఉత్త పాలు.

చుక్కలే పడుతుంటే పిండొద్దు. ధార కట్టిందంటే మాత్రం ఒక్క బొట్టూ వదలొద్దు: పొదుగు గోరువెచ్చని నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, శుభ్రమైన గిన్నెలోకి పట్టండి. వడగట్టి, 250 మి.లీ. చొప్పున సంచుల్లో పోసి, తేదీ రాసి, మైనస్ 20 డిగ్రీల దగ్గర పెడితే ఏడాది నిలుస్తాయి. మంచి జున్నుపాలు పసుపురంగులో, వేళ్ల మధ్య బంకలా సాగుతాయి. రంగు ఒక్కదాన్నే నమ్మకండి. బ్రిక్స్ రిఫ్రాక్టోమీటర్ (పాల చిక్కదనాన్ని శాతంలో చూపే చిన్న పరికరం) అద్దం మీద ఒక చుక్క వేసి చూడండి. 23 శాతం దాటితే బాగున్నట్టు, 30 దాటితే ఇక బెంగలేదు. 20 కంటే తక్కువ చూపిస్తే ఇంకో గుర్రం జున్నుపాలు ఇప్పుడే వెతకాలి, పిల్ల పుట్టాక వెతికితే పొద్దు చాలదు.

కళ్లెం:
పట్టే లెక్క చెబుతాను. 45-50 కిలోల పిల్లకు మొత్తం లీటరు నుంచి లీటరున్నర. పుట్టిన రెండు గంటల్లో మొదటి విడత పడాలి. తర్వాత గంటకో రెండు గంటలకో 250 నుంచి 400 మి.లీ. చొప్పున ఇచ్చి, 6-8 గంటల్లో పూర్తిచేయండి. పేగు యాంటీబాడీలను పీల్చుకునే శక్తి గంటగంటకూ తగ్గుతుంది, 24 గంటలకు ఆ దారి మూసుకుపోయినట్టే.

గడ్డకట్టిన సంచిని గోరువెచ్చని నీళ్లలో పెట్టి కరిగించండి. మైక్రోవేవ్‌లో గానీ, మరిగే నీళ్లలో గానీ పెడితే యాంటీబాడీలు చెడిపోతాయి, మిగిలేది పాల రుచి మాత్రమే. సీసా పట్టేటప్పుడు పిల్ల నిలబడి ఉండాలి, మూతి తల్లి పొదుగు ఎత్తులోనే ఉండాలి. తల పైకెత్తి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చప్పరించే బలం లేని పిల్లకు సీసా పెట్టకండి, డాక్టరు ముక్కు నుంచి గొట్టం వేసి పోయాల్సిందే.

ఒక మాట అదనంగా. జున్నుపాలు అరువిచ్చే గుర్రానికి ఇంతకుముందు పుట్టిన పిల్ల కామెర్లతో నీరసించి ఉంటే, దాని జున్నుపాలు వద్దు. ఆ పాలలోని యాంటీబాడీలు పిల్ల ఎర్రరక్తకణాలను పగలగొట్టవచ్చు.

పంచకళ్యాణి:
ఇద్దరికీ చాలా కృతజ్ఞతలండి. ఇప్పుడే చూశాను, బ్రిక్స్ 26 ఉంది. ఎక్కడా దొరక్కపోతే ఆవు జున్నుపాలు పనికొస్తాయా?

లద్దెబుట్ట:
పనికొస్తాయి గానీ గత్యంతరం లేనప్పుడే. ఆవు యాంటీబాడీలు పిల్ల ఒంట్లో త్వరగా తగ్గిపోతాయి, గుర్రాలకు వచ్చే సూక్ష్మజీవుల మీద సరిగా పనిచేయవు. 26 మంచి అంకెండి. ధార మొదలైతే రోజూ చూడండి, తగ్గుతూ వస్తే వెంటనే పట్టి దాచండి.

ఎవరూ అనని ఇంకో విషయం. మానం దగ్గర చీము లాంటి స్రావం మొదలైనా, ఈనకుండా పాలు ఇలాగే రోజుల తరబడి కారినా, మాయకు ఇన్ఫెక్షనో, కవలలో కావచ్చు. ఇవాళే డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పి ఉంచండి. ఈనేటప్పుడు మొదట తెల్లటి, నీలిఛాయ పొర రావాలి. దాని బదులు ఎర్రటి, మఖమలు లాంటి సంచి బయటికి వచ్చిందంటే మాయ ముందే ఊడిందని అర్థం, పిల్లకు గాలి అందడం లేదు. డాక్టరు కోసం ఆగొద్దు. వెంటనే మొద్దుమొన కత్తెరతో కోసి, తెల్లపొర చీల్చి, పిల్లను బయటికి లాగండి.

నల్లగిట్ట:
బొడ్డు గురించి కూడా చెప్పాలి. తనంతట తాను తెగనివ్వండి, కోయకండి. 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ (క్రిములను చంపే మందు) ఒక వంతు, శుభ్రమైన నీళ్లు మూడు వంతులు కలిపి, బొడ్డు మునిగేలా చిన్న కప్పులో పట్టి, మొదటి రోజు నాలుగైదుసార్లు ముంచండి. ఘాటు అయోడిన్ చర్మాన్ని కాలుస్తుంది.

పిల్ల గంటలో లేవాలి, రెండు గంటల్లో చన్ను పట్టాలి, మాయ మూడు గంటల్లో పడాలి. వేలాడే మాయను లాగొద్దు, గుర్రం తొక్కకుండా ముడివేసి పైకి కట్టండి. పడ్డాక నేలమీద పరిచి రెండు కొమ్ముల (గర్భాశయపు రెండు కొమ్ముల్లో ఉండే మాయ భాగాల) కొసలూ ఉన్నాయో లేదో వెతకండి. తెగి లోపల ఉండిపోయేది ఎక్కువగా పిల్ల లేని కొమ్ము కొసే, ఆ చిన్న ముక్క చాలు గర్భాశయం కుళ్లి, గిట్టల్లో వాపు రావడానికి.

పిల్ల 18-24 గంటల వయసులో రక్తపరీక్ష చేయించండి. ఐజీజీ (రక్తంలో చేరిన యాంటీబాడీల కొలత) 800 మి.గ్రా./డె.లీ. దాటితే సరే. 400 కంటే తక్కువైతే ఇక పాలు పట్టి లాభం లేదు, నరం ద్వారా ప్లాస్మా (యాంటీబాడీలుండే రక్తపు ద్రవభాగం) ఎక్కించాలి. ఆ మాట కూడా డాక్టరు గారితో ముందే చెప్పి, ప్లాస్మా ఎంతసేపట్లో తెప్పించగలరో కనుక్కోండి.