అమ్మినా చెల్లని హక్కును తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: అమెరికా స్వాతంత్య్ర ప్రకటనని (1776 జులై 4) హైస్కూలు పిల్లల కోసం తెలుగులో రాస్తున్నానండీ. రెండో పేరాలోనే బండి ఆగిపోయింది. సృష్టికర్త మనుషులకి కొన్ని ‘అన్‌ఎలియనబుల్’ హక్కులిచ్చాడు, ప్రాణం, స్వేచ్ఛ, సుఖం వెతుక్కోవడం వాటిలోవే అని ఉంటుంది కదా. ఆ మాటకి ‘హరించరాని’ అని రాసి కొట్టేశాను. ‘విడదీయరాని’ అని రాసి అదీ కొట్టేశాను. ఏమనాలి?

జవాబు: ‘సహజ హక్కులు’ అనేయండి, గొడవ వదిలిపోతుంది. లేదా జన్మహక్కు. తిలక్ గారి పుణ్యమా అని అందరికీ తెలిసిన మాటే.

జవాబు: వదలదండీ. సహజం అన్నా, జన్మ అన్నా హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాయి. ఈ మాట చెప్పేది ఆ హక్కుని ఏం చేయడం కుదరదో. ‘హరించరాని’ కొంచెం దగ్గరే గానీ అందులో దొంగ ఒక్కడే ఉన్నాడు, ఇంటాయన లేడు. దొంగ ఎత్తుకుపోకూడదన్నది సగం అర్థమే. ఇంటాయన తనంతట తానే రాసిచ్చినా చెల్లదన్నది రెండో సగం.

ఎలియనేట్ అన్నది అసలు భూముల మాట. మా నాన్నగారు దస్తావేజులు రాసేవారు. క్రయపత్రం చివర్లో ‘దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించగలరు’ అని ఊపిరి తీయకుండా ఒక వాక్యం వచ్చేది. ఆ దానం, వినిమయం, విక్రయం మూడూ కలిపితే ఎలియనేట్. మూడూ కుదరని హక్కు ఏమిటంటే, మన అసైన్డ్ భూమిని, అంటే సర్కారు పేదలకి పట్టా ఇచ్చిన భూమిని చూడండి. 1977 చట్టం ప్రకారం అది వారసులకి వస్తుంది. కానీ ఇష్టపడి అమ్మినా కొన్నవాడికి హక్కు రాదు. (తర్వాత సవరణలొచ్చాయి, ఆ కథ వేరు.)

ప్రశ్న: అయితే ‘అన్యాక్రాంతం కాని హక్కులు’ అంటే? పేపర్లో రోజూ వచ్చే మాటే కదా?

జవాబు: అక్కడే చిక్కు. చెరువు అన్యాక్రాంతమైందంటే కబ్జా అయిందనే కదా చదువుతాం! ఆక్రాంతం అంటేనే ఆక్రమించినది. మళ్లీ దొంగే వచ్చాడు.

జవాబు: నాదొక సందేహం మాస్టారూ. అసైన్డ్ భూమిని సర్కారు వెనక్కి తీసుకోగలదు. పోలిక కుదిరిందా?

జవాబు: భలే పట్టుకున్నారు. అమెరికా వాళ్లకి పదేళ్లు పట్టిన సంగతి అది. 1765లో బ్రిటన్ స్టాంపు చట్టం తెచ్చింది. దస్తావేజులకీ పత్రికలకీ, చివరికి పేకముక్కలకి కూడా స్టాంపు సుంకం. అప్పటికి బ్రిటన్ కింద ఉన్న అమెరికా వలసల వాళ్లు ఎక్కువగా పట్టుకున్న వాదన ‘మేమూ ఇంగ్లీషు ప్రజలమే, మా ప్రతినిధులు లేని పార్లమెంటు మాకు పన్ను వేయకూడదు’ అని. దానికి తోడు వలసలకి రాజు రాసిచ్చిన హక్కుపత్రాలు, అంటే చార్టర్లు చూపించేవారు, మనవాళ్లు పాత పట్టా కాగితం చూపించినట్టు. 1773 డిసెంబర్‌లో టీ మీద పన్నుకి నిరసనగా మసాచుసెట్స్‌లోని బోస్టన్ రేవులో 342 పెట్టెల టీని నీళ్లపాలు చేశారు. ఆ మరుసటి ఏడాది పార్లమెంటు ఏకంగా మసాచుసెట్స్ చార్టర్‌నే మార్చేసింది. పట్టా ఇచ్చినవాళ్లే దాన్ని దిద్దేస్తే ఇక ఏం చూపిస్తారు? 1774లో వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కూర్చుని తమ హక్కులకి ఆధారంగా ప్రకృతి ధర్మం, ఇంగ్లీషు రాజ్యాంగం, చార్టర్లు మూడింటినీ పేర్కొన్నారు. 1776కి వచ్చేసరికి మొదటిదే ముందుకొచ్చింది. హక్కులిచ్చింది రాజు కాదు, సృష్టికర్త అని రాసింది ఇందుకే. రాజు ఇవ్వనిదాన్ని రాజు రద్దు చేయలేడు. ‘అన్‌ఎలియనబుల్’ కాదు ‘ఇన్‌ఎలియనబుల్’ అని ఇప్పుడొకరు రాబోతున్నారు కాబట్టి ముందే చెప్తున్నా: ప్రకటన ముసాయిదా రాసిన జెఫర్సన్ చిత్తుప్రతిలో ‘ఇన్’, అచ్చయినదాంట్లో ‘అన్’. అర్థం ఒకటే.

అంతకు మూడు వారాల ముందు, జూన్ 12న, వర్జీనియా హక్కుల ప్రకటన వచ్చింది. ముసాయిదాలో జార్జ్ మేసన్‌దే పెద్ద చేయి. జనం సమాజంగా ఏర్పడేటప్పుడు ఏ ఒప్పందంతోనూ తమ సంతానానికి ఈ హక్కులు లేకుండా చేయలేరని అందులో ఉంది. మన పుత్రపౌత్ర పారంపర్యం గుర్తొచ్చిందా లేదా?

జవాబు: ఇంత చెప్పి అసలు మాట దాటేశారు. జెఫర్సన్ జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకి యజమాని. ఆ మనుషులకి దాన విక్రయాలు నిక్షేపంగా చెల్లాయి.

జవాబు: దాటేయలేదండీ, అటే వస్తున్నాను. ఈ మాటని సరిగ్గా చదివినవాళ్లు వాళ్లే. 1777 జనవరిలో ప్రిన్స్ హాల్, మరికొందరు నల్లజాతివారు బానిసల తరఫున మసాచుసెట్స్ శాసనసభకి అర్జీ పెట్టారు. అందరిలాగే మాకూ స్వేచ్ఛ మీద సహజమైన, అన్‌ఎలియనబుల్ హక్కుంది, ఏ ఒప్పందంలోనూ మేం దాన్ని వదులుకోలేదు అని. జెఫర్సన్ మాటనే తీసుకెళ్లి శాసనసభ ముందు పెట్టారు.

ప్రశ్న: సరే, ఇలా రాసుకున్నాను: ‘ఒకరు లాక్కోలేని, తామే అమ్ముకున్నా చెల్లని హక్కులు’. ఒక్క మాటకి ఆరు మాటలయ్యాయి, ఏం చేస్తాం.

జవాబు: బాగుంది. తాకట్టు కూడా కలపొచ్చేమో, ఆత్మగౌరవాన్ని తాకట్టు పెట్టారని అంటూనే ఉంటాం కదా. ఇంతకీ అసైన్డ్ పట్టా ఉదాహరణ పిల్లలకి ఎక్కుతుందంటారా?

ప్రశ్న: మా క్లాసులో సగం మంది ఇళ్లలో ఉన్నవి ఆ పట్టాలేనండీ. అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు.