కొత్త బండి 34 రోజులుగా షోరూం వెనక షెడ్డులో. వారంటీ పని కదలాలంటే ఏం చెయ్యాలి?

తెల్లారి_శాంపిల్:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకుని చదవండి.

నేను ల్యాబ్‌లో పని చేస్తాను. ఇళ్లకెళ్లి రక్తం శాంపిల్స్ తీయడం నా పని. తెల్లారి 5:30కి పెదవాల్తేరులో మొదలుపెడితే లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ, సీతమ్మధార చుట్టుకుని 9:30కల్లా డబ్బా ల్యాబ్‌లో అప్పజెప్పాలి. అందరూ పరగడుపున కూర్చునుంటారు. పది నిమిషాలు ఆలస్యమైతే "ఏం బాబూ, కాఫీ తాగేయమంటావా?" అని ఫోను. బండి లేకపోతే నాకు పనే లేదు.

తొమ్మిదేళ్లు నడిపిన 100 సీసీ బండి అమ్మేసి, శ్రావణంలో 160 సీసీది తీసుకున్నాను. కంపెనీ పేరు, షోరూం పేరు ఇక్కడ రాయను. ఆసీల్‌మెట్ట సంపత్ వినాయక గుడి ముందు పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి మరీ ఇంటికి తెచ్చుకున్నాను. మొదటి సర్వీసు కూడా టైముకే చేయించాను.

1,900 కిలోమీటర్ల దగ్గర గొడవ మొదలైంది. వానలో సీతమ్మధార నుంచి దిగుతుంటే ఏబీఎస్ (గట్టిగా బ్రేకు నొక్కినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) పసుపు లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. స్పీడోమీటరు సున్నా. బండి మామూలుగానే పోతోంది గానీ కిలోమీటర్లు తిరగట్లేదు. ఇంట్లో చూపిస్తే మా ఆవిడ, "బాగుంది, లెక్క ప్రకారం మీరు ఎక్కడికీ వెళ్లట్లేదన్నమాట" అంది.

మొదటిసారి తీసుకెళ్తే "నీళ్లు పడ్డాయి సార్, సెన్సర్ తుడిచాం" అని సాయంత్రానికే ఇచ్చేశారు. మూడు రోజులు బాగుంది. రెండోసారి రెండు రోజులు ఉంచుకుని సెన్సర్ మార్చామన్నారు. వారం తిరక్కుండా మద్దిలపాలెం జంక్షన్‌లో మళ్లీ అదే లైటు. మూడోసారి "ఏబీఎస్ మాడ్యూల్ (ఏబీఎస్‌ని నడిపే పెట్టె) పోయింది, డిపో నుంచి రావాలి, వారం పడుతుంది" అన్నారు. ఆ వారానికి ఇవాళ్టికి 34 రోజులు.

ఫోన్ చేస్తే "పార్టు ట్రాన్సిట్‌లో ఉంది సార్" అంటారు. ఎక్కడ ఉందో ఎవరికీ తెలియకపోతే దాన్ని ట్రాన్సిట్ అంటారని నాకు ఇప్పుడే అర్థమైంది. మధ్యలో నా కేసు చూసే అడ్వైజర్ మారాడు, కొత్తాయనకి కథంతా మొదట్నుంచి చెప్పాను. ఈఎంఐ 4,850 మాత్రం ఐదో తారీఖున ఠంచనుగా కట్ అయిపోతోంది. కొన్ని రోజులు బావమరిది స్కూటరు, మిగతా రోజులు ఆటోలు. మొన్న చూసొద్దామని వెళ్తే బండి రేకుల షెడ్డు చివర, సగం ఎండలో ఉంది. సీటు మీద కాకిరెట్ట, చైన్ మీద అప్పుడే ఎర్రగా తుప్పు. సముద్రం గాలి సంగతి వైజాగ్ వాళ్లకి చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు నేను బండి మార్చి ఇమ్మని అడగొచ్చా? కేసు వేస్తే ఏళ్ల తరబడి తిరగాలా? బయట మెకానిక్‌కి చూపిస్తే వారంటీ పోతుందా? ఎవరైనా ఇలాంటిది పడి బయటపడ్డవాళ్లు ఉంటే చెప్పండి.

గాజువాక_స్పానర్:

తమ్ముడూ, బయట ఎక్కడా విప్పించకు. నేనే బయట మెకానిక్‌ని, నేనే చెబుతున్నాను. ఒక్క వైరు కోసినట్టు కనబడినా "బయట చేయి పడింది" అని వారంటీకి నీళ్లొదిలేస్తారు.

ఒకటి గుర్తు తెచ్చుకో. లైటు వెలిగిన మూడుసార్లూ మలుపు తిరుగుతున్నావా? సీతమ్మధార దిగుడన్నావు, మద్దిలపాలెం జంక్షనన్నావు, అందుకే అడుగుతున్నా. చక్రం దగ్గర పళ్ల రింగు ఒకటి తిరుగుతుంది, దాని పక్కనే సెన్సరు. ఆ సెన్సరు వైరు ఫోర్కు వెంట పైకెళ్లి హ్యాండిల్ మెడ దగ్గర వంగుతుంది. క్లిప్పు సరిగ్గా పెట్టకపోతే హ్యాండిల్ తిప్పినప్పుడల్లా అక్కడ లాగుడు పడుతుంది. పైన రబ్బరు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి తెగిపోయి ఉంటుంది. చాలా బళ్లలో స్పీడు లెక్క కూడా చక్రం సెన్సరు నుంచే పోతుంది, అందుకే మీటరు సున్నా. మాడ్యూల్ ఊరికే పోయేది కాదు. ముందు వైరు చూడకుండా మాడ్యూల్ మీదకెళ్లారంటే స్కానర్‌లో కోడ్ చదివి అక్కడితో ఆపేసినట్టే.

నీ ఎదురుగా ఆ వైరుకి మల్టీమీటరు పెట్టి, హ్యాండిల్ ఎడమకీ కుడికీ పూర్తిగా తిప్పుతూ చూడమను. వైరు కలిసుంటే బీప్ మోగుతుంది, తెగితే ఆగిపోతుంది. పది నిమిషాల పని. ఇంకోటి, ఆ లైటు వెలుగుతూ ఉంటే బ్రేకులు పడతాయి గానీ ఏబీఎస్ పని చేయదు. తడి రోడ్డు మీద గట్టిగా నొక్కితే చక్రం బిగుసుకుపోతుంది. ఏబీఎస్ అలవాటైన చెయ్యి, జాగ్రత్త.

ఒకప్పటి_అడ్వైజర్:

ఆరేళ్లు సర్వీసు కౌంటర్‌లో కూర్చున్నవాణ్ణి, ఇప్పుడు వేరే పనిలో ఉన్నాను. మీకు తెలియనిది ఒకటి చెబుతాను. మీ జాబ్ కార్డులు, అంటే బండి సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా కౌంటర్‌లో రాసే కాగితాలు, తీసి చూడండి. మీరు చెప్పిన కంప్లెయింట్ అక్కడ ఏమని రాసుందో చదవండి. మేము తొందరలో "జనరల్ చెకప్" అని కొట్టేసేవాళ్లం. అలా రాసుంటే కాగితం మీద మీ బండికి ఏబీఎస్ సమస్య వచ్చినట్టే లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. కార్డు ఎక్కువ రోజులు తెరిచి ఉంటే కంపెనీ సిస్టంలో ఎర్రగా కనబడుతుంది, మేనేజర్ మమ్మల్ని తిడతాడు. అందుకని పని కాకపోయినా కార్డు మూసేసి కొత్తది తెరిచేవాళ్లున్నారు. మా షోరూంలో జరిగింది, నేనూ చేశాను. మీ 34 రోజులు వాళ్ల లెక్కలో 34 ఉన్నాయో లేదో చూసుకోండి.

తిట్టకండి, తిట్టేవాళ్లు రోజుకి పదిమంది వస్తారు. ఫోన్లు మానేసి ఈమెయిల్ పెట్టండి. బండి నంబరు, ఛాసిస్ నంబరు, మూడు కార్డుల నంబర్లు, తేదీలు రాసి, పార్టు ఆర్డర్ నంబరు, ఆర్డర్ పెట్టిన తేదీ అడగండి. షోరూంకి పంపుతూ కంపెనీ కస్టమర్ కేర్‌కి కాపీ పెట్టండి. ఆర్డర్ పెట్టి ఉంటే నంబరు నిమిషంలో చెబుతారు. వారంటీ క్లెయిం పాస్ చేసే కంపెనీ సర్వీసు మేనేజర్ షోరూంకి ఎప్పుడొస్తున్నాడో కూడా అడగండి, ఆయన ఉన్న రోజు వెళ్తే ఆ షెడ్డు నడక వేరు. మీటరు తిరగడం ఆగిపోయిన సంగతి కూడా రాయండి. ఫ్రీ సర్వీసుకి కిలోమీటర్లు, రోజులు రెండూ చూస్తారు. బండి వాళ్ల దగ్గరుండగానే గడువు దాటితే "మీరే ఆలస్యం చేశారు" అని రేపు మీ మీదే పెడతారు.

అమ్మాజీ_ఎంవీపీ:

బాబూ, మా అబ్బాయి స్కూటరుకి ఇలాగే రెండు నెలలు తిరిగాం. ముందు 1915కి ఫోన్ చెయ్యి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. అది కోర్టు కాదు, నీ ఫిర్యాదు కంపెనీకి పంపి జవాబు అడుగుతారు, అంతే. మాకు నాలుగో రోజు మేనేజరే ఇంటికి ఫోన్ చేశాడు, అప్పటిదాకా ఆయనకో పేరుందని కూడా మాకు తెలీదు.

దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వు ఉన్న ఊళ్లోనే వేసుకోవచ్చు, బండి ఖరీదు 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు, లాయరు లేకుండా నువ్వే మాట్లాడుకోవచ్చు. రెండేళ్లలోపు వెయ్యాలి. పరీక్షలు అక్కర్లేని కేసు మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నిజంగా అంతకంటే ఎక్కువే పడుతుంది. బండి మార్చి ఇమ్మంటే తయారీలోనే లోపమని నిపుణుడితో తేల్చాల్సి రావచ్చు. రిపేరు ఆలస్యం చేశారంటే సేవాలోపం, దానికి కాగితాలు చాలు. అందుకే పైన ఆయన చెప్పిన కార్డుల మాట విను.

తెల్లారి_శాంపిల్:

పది రోజుల తర్వాత మళ్లీ వస్తున్నాను. అందరికీ దండాలు.

కార్డులు అడిగితే ముందు "అవి ఇవ్వం సార్" అన్నారు. కౌంటర్ దగ్గరే నిలబడ్డాను, ఫోటో తీసుకోనిచ్చారు. మొదటి రెండిట్లో అచ్చంగా "జనరల్ చెకప్". మూడోది చూసి నాకు నోట మాట రాలేదు. తెరిచి 12 రోజులే అయింది! అడ్వైజర్ మారినప్పుడు పాతది మూసేశారట. కొత్తాయన "పన్నెండు రోజులే కదా సార్ అయింది" అని నాకే సర్దిచెప్పబోయాడు. ఆయన తప్పు కూడా కాదు పాపం, ఆయనకి కనబడేది అదే.

ఆ రాత్రే ఈమెయిల్ పెట్టాను, పొద్దున్న 1915కి ఫోన్ చేశాను. ఏ దెబ్బకి కదిలిందో తెలీదు, మూడో రోజు మాడ్యూల్ వచ్చిందని ఫోను. సంబరంగా వెళ్తే కొత్త మాడ్యూల్ బిగించి షెడ్డు ముందు తిప్పి చూస్తున్నారు. లైటు ఆరలేదు! అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు స్పానర్ అన్న మాట చెప్పాను. ఒక కుర్రాడు మల్టీమీటరు తెచ్చాడు. హ్యాండిల్ నేనే పట్టుకుని ఎడమకి తిప్పాను, బీప్ ఆగిపోయింది. వెనక్కి తెస్తే మళ్లీ బీప్. కుర్రాడు నావైపు తిరిగి "ఏటి సార్, మీరు ఎలక్ట్రీషియనా?" అన్నాడు. రక్తం తీస్తానని చెప్పాను.

వైరు మార్చడానికి ఇంకో రెండు రోజులు. రెండో ఫ్రీ సర్వీసు గడువు పొడిగించినట్టు బిల్లు మీద రాయించుకున్నాను. ఆటోలకైన డబ్బు అడిగాను, "పైకి పంపాం" అన్నారు. అది కూడా ట్రాన్సిట్‌లో ఉన్నట్టుంది. అమ్మాజీగారూ, 1915 ఫిర్యాదు మూయించేయమని మేనేజర్ అడుగుతున్నాడు, నెల చూసి చెబుతానన్నాను. వాన పడి, ఒకసారి గట్టి మలుపు తిరిగితే గానీ నాకు నమ్మకం కుదరదు.

గాజువాక_స్పానర్:

మంచి పని చేశావు. క్లిప్పు కూడా మార్చారా, వైరొక్కటేనా? చైన్ తుప్పు సంగతేమైంది?

తెల్లారి_శాంపిల్:

క్లిప్పు అడగలేదన్నా. చైన్ అలాగే ఉంది, "వారంటీలో రాదు" అన్నారు. ఆదివారం శాంపిల్స్ తొందరగా అయిపోతాయి, పదింటికి గాజువాక వస్తాను.